కనిపించకుండా పోయిన సవర మాటలు: పర్లాకిమిడిలో ఒక సిద్ధాంత గ్రంథానికి చేసిన మరమ్మతు

“మాస్టారూ, ఇందులో మాటలు మాయమవుతున్నాయి” అంటూ ఒక పరిశోధకురాలు స్పైరల్ కట్టిన తన సిద్ధాంత గ్రంథం ముసాయిదాను నా బల్ల మీద పెట్టారు. 312 పేజీలు. సమర్పణకు మిగిలిన గడువు 22 రోజులు. పర్యవేక్షకులు అప్పటికే రెండుసార్లు వెనక్కి పంపారు. రెండోసారి మొదటి పేజీ మీదే ఎర్ర సిరాతో ‘ఫాంటు సరిచేయించండి’ అని రాశారు.

నేను పర్లాకిమిడిలో పేజీలు కట్టే పని చేస్తాను. శుభలేఖలు, కరపత్రాలు, బడి సంచికలు, అప్పుడప్పుడు సిద్ధాంత గ్రంథాలు. ఊరు దాటి కొన్ని కిలోమీటర్లు వెళ్తే పాతపట్నం, అంటే ఆంధ్ర. అంగడి బోర్డు ఒడియాలో, బేరం తెలుగులో, రసీదు ఇంగ్లీషులో ఉండే చోటు ఇది. ఒక పేజీలో మూడు లిపులు కలవడం నాకు కొత్త కాదు. కానీ ఈ గ్రంథంలో ఒక్కొక్క మాట మూడు వేషాలతో వస్తుంది.

ఆమెది గుణుపురం. సవర గిరిజనుల గోడ చిత్రాలైన ఇడితల్ మీద, వాటి చుట్టూ అల్లుకున్న మాటల మీద తెలుగులో పరిశోధన చేశారు. రాయగడ, గజపతి జిల్లాల పల్లెల్లో తిరిగి పోగుచేసిన ప్రతి సవర మాటనూ తెలుగు లిపిలో ఒకసారి, సొరంగ్ సొంపెంగ్ లిపిలో ఒకసారి, అంతర్జాతీయ ధ్వనిలిపిలో ఒకసారి ఇచ్చారు. తెలుగు లిపిలో ఎందుకంటే, గిడుగు వేంకట రామమూర్తి గారు ఈ ఊళ్లో ఉంటూ సవర నేర్చుకుని, ఆ భాషను తెలుగు అక్షరాలతో రాసి పుస్తకాలు తయారు చేసిన దారి అది. ఇంగ్లీషులో ఆయన రాసిన సవర భాషా గ్రంథం 1931లోనూ, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోనూ వచ్చాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమై పర్లాకిమిడి అందులో చేరినప్పుడు ఆయన ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. అదే ఏడాది మంగెయి గొమాంగొ సవరకు సొంత లిపిగా సొరంగ్ సొంపెంగ్‌ను రూపొందించారు. 2012లో అది కంప్యూటర్లలో అన్ని లిపులకూ ఉమ్మడి పట్టిక అయిన యూనికోడ్‌లోకి వచ్చింది. ఈ చరిత్ర అంతా ఆమె గ్రంథంలో ఒకే వరుసలో, మూడు లిపుల్లో కూర్చుని ఉంది. ఆ వరుసలోంచి ఒక అక్షరం రాలిపోతే అది అచ్చు తప్పుతో సరిపోదు, సాక్ష్యమే పోయినట్టు.

గ్రంథాన్ని మొదట మామూలు వర్డ్ ఫైల్‌గా టైపు చేశారు. ఇంజనీరింగ్ చదివే ఆమె పిన్ని కొడుకు దాన్ని, పాఠంలోనే ఆజ్ఞలు రాసి పేజీలు కట్టించే లేటెక్‌లోకి మార్చి, ఆ ఆజ్ఞలను నడిపే జీటెక్ ఇంజన్‌తో పీడీఎఫ్ చేసి ఇచ్చాడు. ఆ కుర్రవాడు బుద్ధిమంతుడు, చాలా పని సరిగ్గానే చేశాడు. కానీ తప్పు వచ్చిన చోట ఆగకుండా సాగిపొమ్మని ఇంజన్‌కు చెప్పి ఉంచాడు. అసలు కష్టం అక్కడే మొదలైంది.

మొదటి రోజు దేన్నీ సరిచేయలేదు

మొత్తం ఫోల్డరుకు నకలు తీసి, ఇంజన్ పుట్టించిన సహాయక ఫైళ్లన్నీ తుడిచేశాను. పాత పరుగుల్లో మిగిలిన విషయసూచిక, చిత్రాల పట్టిక, గ్రంథసూచి ముక్కలు కొత్త తప్పులతో కలిసి మనల్ని దారి తప్పిస్తాయి. తర్వాత ఒకసారి నడిపి, ఇంజన్ తన హెచ్చరికలు రాసుకునే లాగ్ ఫైలును మొదటి నుంచి చివరి దాకా చదివాను. హెచ్చరికలు వందల్లో ఉన్నాయి. అయితే రకాలుగా విడదీస్తే ఏడే తేలాయి. కాగితం మీద ఏడు గళ్లు గీసి, ఒక్కో గడిలో ఎన్ని వచ్చాయో రాసుకున్నాను.

తర్వాత ఒక్క పేజీ పత్రం తయారు చేశాను. తెలుగు వాక్యం ఒకటి, తెలుగు లిపిలో సవర మాట ఒకటి, సొరంగ్ సొంపెంగ్‌లో ఒకటి, ధ్వనిలిపిలో ఒకటి, ఒడియా వాక్యం ఒకటి, ఒక బొమ్మ, దాని కింద శీర్షిక, రెండు గ్రంథాల సూచి. 312 పేజీల మీద ప్రయోగాలు చేస్తే ఒక్కో పరుగుకు నిమిషాలు పడతాయి, పైగా ఏ మార్పు దేన్ని కదిపిందో తెలియదు. ఒక్క పేజీ మీద అయితే ఊపిరి తీసేలోగా జవాబు వస్తుంది.

ఆ ఒక్క పేజీ చూశాక నాకు అర్థమైంది: పర్యవేక్షకులు ‘ఫాంటు’ అని ఒక్క మాటలో అన్నది ఒక్క జబ్బు కాదు. ఇంజన్‌కు ఏ ముక్క ఏ భాషదో, ఏ లిపిదో ఎవరూ చెప్పలేదు. చెప్పని చోటల్లా అది తనకు తోచిందే చేసింది.

ఒత్తులు విడిపోయిన శీర్షికలు

తేలికగా తేలింది ఇది. అధ్యాయాల శీర్షికల్లో ఒత్తులు విడిపోయి, హల్లు పక్కన పొల్లు, దాని పక్కన మరో హల్లు నిలబడ్డాయి. అదే ఫాంటుతో వచ్చిన లోపలి పాఠం మాత్రం చక్కగా ఉంది. లోపలి పాఠానికి ఫాంటు పేరుతో పాటు ‘లిపి తెలుగు’ అని ప్రకటన ఉంది, శీర్షికల కోసం అదే ఫాంటును రెండోసారి పిలిచినప్పుడు ఆ మాట మరిచిపోయారు. ఫాంటు ఫైలులో ఒత్తులను కలిపే నియమాలు ఉన్నా, లిపి పేరు చెప్పకపోతే జీటెక్ వాటి జోలికి పోదు. జీటెక్ బదులు లువాలేటెక్ అనే మరో ఇంజన్ వాడేవారికి ఇంకో మెట్టు ఉంది. లిపి పేరుతో పాటు అక్షరాలను కూర్చే పని హార్ఫ్‌బజ్ అనే కార్యక్రమానికి అప్పగించమని కూడా చెప్పాలి.

ముద్దక్షరాల, అంటే బోల్డ్ అక్షరాల, సంగతి కొంచెం సున్నితమైనది. ఆమె గ్రంథమంతా ‘గిడుగు’ అనే ఫాంటులో పెట్టమన్నారు. అది గౌరవం కొద్దీ చేసిన ఎంపిక, నాకూ నచ్చింది. అయితే ఆ ఫాంటులో ఒకటే బరువు, అంటే అక్షరానికి ఒకటే లావు ఉంది. ముద్దగా పెట్టమంటే ఇంజన్ హెచ్చరిక ఒకటి రాసి మామూలు అక్షరమే ముద్రిస్తుంది. అక్షరం అంచులకు సిరా పూసి లావు చేసే నకిలీ ముద్ద ఒకటుంది కానీ, తెలుగులో గుండ్రటి కడుపుల లోపలి ఖాళీలు పూడిపోయి ‘మ’, ‘ష’, ‘ఘ’ మసిబారతాయి. “అమ్మా, ఆయన పేరున్న ఫాంటును ముఖపత్రంలోనూ అధ్యాయ సంఖ్యల్లోనూ నిలబెడదాం. చదివే పాఠానికి నిజమైన ముద్దక్షరం ఉన్న ఫాంటు కావాలి” అని చెప్పి నోటో సెరిఫ్ తెలుగు పెట్టాను. అక్కడా ఒక గోతి ఉంది. ఈ రోజుల్లో ఫాంట్లు అన్ని బరువులూ ఒకే ఫైలులో ఇమిడ్చి వస్తున్నాయి. జీటెక్‌కు ఆ రకం ఫైలు సరిగా పనికిరాదు. ఒక్కో బరువుకు విడి ఫైలు ఉన్న రూపాన్నే తెచ్చుకోవాలి.

వాలు అక్షరాలు తెలుగు అచ్చులో సంప్రదాయం కాదు. గ్రంథాల పేర్లు వాలుగా పెట్టడం ఇంగ్లీషు పద్ధతి. దాన్ని తెలుగు మీద రుద్దితే అక్షరం పడిపోతున్నట్టు కనిపిస్తుంది. వాలు అడిగిన చోటల్లా ముద్దక్షరం వచ్చేట్టు మార్చి ఆ తగువు అక్కడితో ముగించాను.

మూడో అధ్యాయంలో పొల్లు

మూడో అధ్యాయం 38 పేజీలు యూనికోడ్‌కు ముందు కాలపు డీటీపీ ఫాంటులో టైపు చేసినవి. ఆ పద్ధతిలో ఫైలు లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే, పైన తెలుగు ముసుగు మాత్రం ఉంటుంది. కుర్రవాడు దాన్ని ఒక మార్పిడి కార్యక్రమంతో యూనికోడ్‌లోకి తెచ్చాడు. తెలుగు పాఠం దాదాపు బాగానే వచ్చింది. సవర మాటలు మాత్రం చెడిపోయాయి.

కారణం పట్టుకోవడానికి ఒక పూట పట్టింది. పాత పద్ధతిలో పొల్లు ఒక విడి ముక్క, ఒత్తు ఇంకో విడి ముక్క. టైపు చేసినవారు పొల్లు పెట్టారంటే అక్కడ పొల్లే. యూనికోడ్‌లో అలా కాదు. హల్లు, విరామ గుర్తు, మరో హల్లు వరుసగా వస్తే రెండోది ఒత్తుగా కిందికి దిగుతుంది. దిగకూడదంటే విరామ గుర్తు తర్వాత కంటికి కనిపించని ఒక అడ్డు అక్షరం, యూనికోడ్ పట్టికలో 200సి, పెట్టాలి. మార్పిడి కార్యక్రమం పాత పొల్లును వట్టి విరామ గుర్తుగా మార్చి ఊరుకుంది. తెలుగు మాటల్లో పొల్లు తర్వాత హల్లు రావడం తక్కువ కాబట్టి ఎవరికీ తెలియలేదు. తెలుగు లిపిలో రాసిన సవరలో మాత్రం మాట మధ్యలో హల్లు ఆగి, తర్వాతి హల్లు విడిగా మొదలయ్యే చోట్లను ఆమె పొల్లుతోనే చూపించారు. అవన్నీ ఒత్తులుగా ముద్దకట్టాయి. చూడటానికి చక్కని తెలుగు అక్షరాల్లాగే ఉంటాయి. చదివితే వేరే మాట.

పొల్లు ముక్క ఎదురైతే విరామ గుర్తుతో పాటు అడ్డు అక్షరం కూడా పెట్టమని మార్పిడి పట్టికలో ఒక్క వరుస మార్చి, పాత ఫైలును మళ్లీ మొదటి నుంచి మార్చాను. మాట చివర అడ్డు అక్షరం అక్కరలేదు, వెతుకులాటను చెడగొడుతుంది కాబట్టి అక్కడ తీసేశాను. అయినా యంత్రాన్ని నమ్మి వదిలేయలేదు. ఆమె తన పొలం పుస్తకాలు, అంటే పల్లెల్లో చేత్తో రాసుకున్న నోటు పుస్తకాలు, ముందు పెట్టుకుని ప్రతి సవర మాటనూ పోల్చి చూశారు. 38 పేజీలకు నాలుగు రోజులు పట్టింది. మొత్తం పనిలో ఎక్కువ కాలం తీసుకున్నది ఇదే, ఇందులో తగ్గించుకోగలిగింది ఏమీ లేదు.

చప్పుడు చేయని తప్పు

ఇప్పుడు ‘మాయమవుతున్న మాటల’ దగ్గరికి వస్తాను.

ముసాయిదాను ఆమె గుణుపురం దగ్గరి పల్లెలో ఒక సవర పెద్దాయనకు చూపించారు. ఆయన సొరంగ్ సొంపెంగ్ చదవగలరు. చిత్రాల పట్టిక ఉన్న పేజీలో కామాల మధ్య ఖాళీ మీద వేలు పెట్టి, “ఇక్కడ మా మాట ఏది?” అని అడిగారట. అది చెబుతున్నప్పుడు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

వింతేమిటంటే, అదే మాట లోపల బొమ్మ కింద సరిగ్గా అచ్చయింది. ముందున్న చిత్రాల పట్టికలో మాత్రం లేదు. కుర్రవాడు పొడవైన శీర్షికలకు పట్టిక కోసం విడిగా పొట్టి రూపం ఇచ్చాడు. లేటెక్‌లో అది మామూలు సౌకర్యం. లోపలి శీర్షికలో సవర మాటకు ఫాంటు మార్చే ఆజ్ఞ ఉంది, పొట్టి రూపంలో అదే మాటను ఆజ్ఞ లేకుండా వట్టిగా అతికించాడు. తెలుగు ఫాంటులో సొరంగ్ సొంపెంగ్ అక్షరాలు ఉండవు. ఫాంటులో లేని అక్షరం వస్తే ఇంజన్ ఆగదు. ‘ఈ అక్షరం ఈ ఫాంటులో లేదు’ అని ఒక వరుస రాసి ముందుకు పోతుంది. ఆ అక్షరం చోట ఫాంటు దగ్గరున్న ‘లేదు’ గుర్తు పడుతుంది. కొన్ని ఫాంట్లలో అది డబ్బా, కొన్నింటిలో వట్టి ఖాళీ. డబ్బా పడితే కంటికి తగులుతుంది. ఖాళీ పడితే ఎవరు చూస్తారు?

ధ్వనిలిపిలో ఇంతకన్నా ప్రమాదం జరిగింది. సవరలో గొంతులో ఊపిరిని ఒక్క క్షణం బిగబట్టి వదిలే ధ్వని ఉంది. దాని గుర్తు చుక్క తీసేసిన ప్రశ్నార్థకంలా ఉంటుంది. మొదట పెట్టిన ఇంగ్లీషు ఫాంటులో మిగతా అక్షరాలన్నీ ఉన్నాయి, ఆ ఒక్క గుర్తు లేదు. కాబట్టి మాట పూర్తిగా పోలేదు, ఆ ధ్వని ఒక్కటే జారిపోయి మిగిలింది నిండైన మాటలా నిలబడింది. పర్యవేక్షకులకు గానీ ఆమెకు గానీ అనుమానం రాలేదు. ఖాళీ కనిపిస్తే అడుగుతాం. ఖాళీ కూడా కనిపించకపోతే తప్పు మాటే రేపు ఇంకొకరి గ్రంథంలో ఉదాహరణ అవుతుంది. ఈ పనిలో నాకు భయం పుట్టించింది ఇదొక్కటే.

మందు చిన్నది. లేని అక్షరాల విషయంలో ఎంత గట్టిగా చెప్పాలో ఇంజన్‌కు ఒక అంకె ఇవ్వవచ్చు. దాన్ని 3 చేస్తే, లేని అక్షరం ఎదురైన ప్రతిసారీ దాన్ని ఒక తప్పు కింద లెక్కగట్టి పరుగు ఆపేస్తుంది. ఈ ఇంజన్లన్నీ కలిసి వచ్చే టెక్ లైవ్ 2021 కూర్పు నుంచి ఈ సౌకర్యం ఉంది. పెట్టి నడిపాను. మొదటి ఆగుడు కృతజ్ఞతల పేజీలోనే. మొత్తం 108 చోట్ల ఆగింది: ధ్వనిలిపి గుర్తు 67, సొరంగ్ సొంపెంగ్ మాటలు 41. ఒక్కొక్కటీ కాగితం మీద రాసుకున్నాను.

సరిచేసే పద్ధతి మీద కాస్త ఆలోచించాను. ఫాంటులో లేని అక్షరాన్ని వేరే ఫాంటు నుంచి తానే తెచ్చుకునే ఏర్పాటు లువాలేటెక్‌లో ఉంది. లిపి మారగానే ఫాంటు మార్చే ప్యాకేజీ జీటెక్‌కూ ఉంది. రెండూ ఒక్క పేజీ పత్రం మీద పరీక్షించి వదిలేశాను. లిపిని చూసి భాషను ఊహించే పద్ధతులు అవి. ఈ గ్రంథంలో తెలుగు లిపిలో ఉన్న మాట తెలుగూ కావచ్చు, సవరా కావచ్చు. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నది ఇంగ్లీషూ కావచ్చు, సవర ఉచ్చారణా కావచ్చు. అది రాసినవారికి తెలుసు, యంత్రానికి తెలియదు. అందుకే సవర తెలుగు లిపిలో, సవర సొంత లిపిలో, సవర ధ్వనిలిపిలో, ఒడియా, ఇంగ్లీషు అని అయిదు ఆజ్ఞలు ఏర్పాటు చేసి, ఏ ముక్క ఏదో రాసేచోటే చెప్పేట్టు చేశాను. ధ్వనిలిపికి చారిస్ ఫాంటు, సొరంగ్ సొంపెంగ్‌కు నోటో. ఆ లిపిలో ఒత్తులూ గుణింతాలూ లేవు, అక్షరాలు పక్కపక్కన నిలబడతాయి కాబట్టి ఫాంటు దొరికితే చాలు, వేరే చిక్కు లేదు.

ఇంకో అడుగు వేశాను. ఒకే మాట లోపల, శీర్షికలో, పట్టికలో, పదకోశంలో నాలుగు చోట్ల టైపు చేయడం వల్లే ఒక చోట ఆజ్ఞ తప్పింది. అందుకని ప్రతి సవర మాటకూ ఒక పేరు పెట్టి, దాని మూడు రూపాలను ఒకే ఫైలులో ఒక్కసారి రాయించాను. ఎక్కడ కావాలన్నా పేరుతో పిలుస్తారు. 412 మాటలకు ఆమె రెండు రాత్రులు కూర్చున్నారు.

శీర్షికలు

బొమ్మల కింద కొన్నిచోట్ల ‘పటం’, కొన్నిచోట్ల ఇంగ్లీషు మాట. కుర్రవాడు పత్రం పైభాగంలో ఆ మాటను తెలుగులోకి మార్చాడు. కానీ భాషల ప్యాకేజీ పత్రం మొదలవగానే తన సొంత మాటలను తెచ్చి పైన రాసేస్తుంది. మార్పును తెలుగు భాషకు చెందిన శీర్షిక మాటల్లోనే చేర్చాలి. మిగతా తేడా మరో వైపు నుంచి వచ్చింది. ఒడియా ఉల్లేఖనాలను ఇంగ్లీషు పరిసరంలో, అంటే ‘ఇది ఇంగ్లీషు’ అని చెప్పే ఆజ్ఞల మధ్య, పెట్టి ఫాంటు మాత్రం మార్చారు. ఆ పరిసరం లోపల పడిన ప్రతి బొమ్మా ఇంగ్లీషు శీర్షిక తొడుక్కుంది.

‘చిత్రం 4.3’ అనాల్సిన చోట విభాగం అంకె రావడం పాత రోగమే. బొమ్మను మరో చోటి నుంచి పిలవడానికి పెట్టే గుర్తు పేరును శీర్షికకు ముందు రాస్తే అది శీర్షిక అంకెను కాక, అప్పటికి నడుస్తున్న విభాగం అంకెను పట్టుకుంటుంది. 14 చోట్ల కిందికి జరిపాను.

‘పటం’ అన్న మాట మీదే నాకు అభ్యంతరం ఉంది. తెలుగులో పటమంటే బొమ్మా అవుతుంది, దేశపటమూ అవుతుంది. ఈ గ్రంథంలో గోడ చిత్రాల ఫొటోలూ ఉన్నాయి, పల్లెల పటాలూ ఉన్నాయి. అన్నీ ఒకే వరుస అంకెల్లో కలిపేస్తే చదివేవారు తికమకపడతారు. ఫొటోలకు ‘చిత్రం’, పల్లెల పటాలకు ‘పటం’ అని రెండు వరుసలు విడదీశాను. పర్యవేక్షకులు ఫోన్లో విని వెంటనే ఒప్పుకున్నారు.

తర్వాత తగిలిన చిక్కు తెలుగుది, యంత్రానిది కాదు. ఇంగ్లీషులో అంకె ఎంత మారినా దాని చుట్టూ ఉన్న మాటలు మారవు. మనకు విభక్తి అంకె తర్వాత వస్తుంది, పైగా అంకెను నోటితో పలికే తీరును బట్టి మారుతుంది. ‘పట్టిక 7ను’ అంటాం, ఏడును కాబట్టి. మధ్యలో ఒక పట్టిక చేరి అది 8 అయితే ‘8ని’ కావాలి, ఎనిమిదిని కాబట్టి. ‘7కు’ కాస్తా ‘8కి’ అవుతుంది. అంకెలు తామే మారే పత్రంలో ఈ ప్రత్యయాలు చేత్తో రాసినవి కదా, అలాగే ఉండిపోతాయి. ఆజ్ఞలతో దీన్ని నడిపించాలని చూసి, గంటసేపటికి వాక్యాలను మార్చడమే మేలనుకున్నాను. ‘లో’ ఏ అంకెకైనా మారదు. ‘చూడండి’ అన్నా సమస్య లేదు. ‘పట్టిక 8ని పరిశీలిస్తే’ అన్నవన్నీ ‘పట్టిక 8లో’ అని వచ్చేట్టు ఆమె వాక్యాలు తిరగరాశారు. అంకె ఒక వరుస చివర తెగి కింది వరుసలో పడకుండా మధ్యలో విడిపోని ఖాళీ పెట్టాం.

గ్రంథసూచి

సూచిలో మూడు లక్షణాలు ఉన్నాయి. రచయితల పేర్ల పొడి అక్షరాల చోట ప్రశ్నార్థకపు నల్ల గుర్తులు. కొన్ని వరుసల్లో ముద్దక్షరాల ఇంగ్లీషు మాటలు. వరుస క్రమం అయోమయం.

నల్ల గుర్తులకు కారణం, గ్రంథసూచిని తయారు చేసే బిబ్‌టెక్ అనే పాత కార్యక్రమం. దానికి అక్షరం అంటే ఒక్క బైటు. యూనికోడ్ పాఠాన్ని ఫైలులో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం మూడు బైట్లు. పేరును పొడి అక్షరం చేయమంటే మొదటి బైటును కోసి ఇస్తుంది. అది ఏ అక్షరమూ కాదు. బిబ్‌లేటెక్, బైబర్ జంటకు మార్చాం. రెండింటి కూర్పులు ఒకదానికొకటి సరిపోవాలి, అది చూసుకుంటే చాలు. పేర్లు పొడి అక్షరాలు చేయడం కూడా మాన్పించాను, తెలుగు పేరు పూర్తిగా ఉంటేనే అందం.

ముద్దక్షరాల ఇంగ్లీషు మాటలు రావడానికి కారణం, మేము వాడిన కూర్పులో సంపాదకులు, పుట, సంపుటం లాంటి మాటలకు తెలుగు పట్టిక లేకపోవడం. మాట దొరకనప్పుడు ఆ ప్యాకేజీ దాని లోపలి పేరునే ముద్దగా ముద్రిస్తుంది. పట్టిక మేమే రాసుకున్నాం. అక్కడ ‘సం.’ అన్న సంక్షిప్తం మీద చాలాసేపు కూర్చోవాల్సి వచ్చింది. మన పుస్తకాల్లో అది సంపాదకులకూ వాడతారు, సంపుటానికీ వాడతారు, సంచికకూ వాడతారు, సంవత్సరానికీ వాడతారు. ఆమె సూచిలోనే ఒక వరుసలో మూడు ‘సం.’లు మూడు అర్థాలతో ఉన్నాయి. ‘సంపా.’, ‘సంపు.’, ‘సంచి.’ అని విడదీసి, సంవత్సరానికి వట్టి అంకె ఉంచాం.

ఇద్దరు రచయితలున్న చోట పేర్ల మధ్య ‘మరియు’ అని టైపు చేశారు. బైబర్‌కు అక్కడ కావలసింది ఇంగ్లీషు సముచ్చయం మాత్రమే, సూచి ఏ భాషదైనా సరే. తెలుగు మాట పెట్టేసరికి ఇద్దరినీ కలిపి ఒకే మనిషి అనుకుంది. మూలంలో ఇంగ్లీషు మాట పెట్టి, అచ్చులో కామా వచ్చేట్టు చేశాను. పేర్ల మధ్య కామా చాలు, మన భాషకు అదే సహజం.

పేర్ల వరుస ఇంకా ముఖ్యం. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. కామా లేకుండా ‘గిడుగు వేంకట రామమూర్తి’ అని ఇస్తే బైబర్ చివరి మాటనే ఇంటిపేరు అనుకుని ‘ర’ కింద పెడుతుంది. ‘గిడుగు’ తర్వాత కామా పెడితే ‘గ’ కిందికి వస్తుంది. అచ్చులో ఆ కామా కనిపించకుండా దాని గుర్తును ఖాళీ చేయాలి. ఒడియా పేర్లలో ఇంటిపేరు చివర వస్తుంది, అవి వేరేగా చూశాం. క్రమం తెలుగు ప్రకారం ఉండాలని బైబర్‌కు చెప్పాను. సున్న ఉన్న పేర్లు అచ్చుల తర్వాత, హల్లులకు ముందు, మన నిఘంటువుల్లో ఉన్నట్టు కుదురుకున్నాయి.

మూడు భాషల గ్రంథాలను ఒకే వరుసలో పెడితే ముందు ఇంగ్లీషు, తర్వాత ఒడియా, ఆ తర్వాత తెలుగు వస్తాయి. యూనికోడ్ క్రమం అది. తెలుగు సిద్ధాంత గ్రంథంలో తెలుగు ముందుండాలి. ప్రతి గ్రంథానికీ భాష గుర్తు చేర్చి, తెలుగు, ఒడియా, ఇంగ్లీషు అని మూడు సూచులు విడిగా ముద్రించాం. ఒడియా సూచికి ముందు ఒడియా ఫాంటుకు మారి, అయిపోగానే వెనక్కి వచ్చాం. పాఠం మధ్యలో మాత్రం ఇంగ్లీషు, ఒడియా గ్రంథకర్తల పేర్లు కూడా తెలుగు లిపిలోనే కావాలన్నారు. పొట్టి రచయిత పేరుకని విడి గడి ఉంది, అందులో తెలుగు రూపం రాశాం. గిడుగు వారు తెలుగు సూచిలో ‘గ’ కిందా, ఇంగ్లీషు సూచిలో రామమూర్తిగానూ వస్తారు. ఇద్దరూ ఒకరేనని తెలియని విద్యార్థి ఉండవచ్చు, అందుకని రెండు చోట్లా ఒక మాట చేర్పించాను.

చివరగా మూడు ఉల్లేఖనాలు ఎంత చేసినా ‘నిర్వచించలేదు’ అంటూ మిగిలాయి. పిలిచే పేర్లు తెలుగులో ఉన్నాయి, అక్షరం అక్షరం సరిపోయాయి. హెక్స్ రూపంలో, అంటే కనిపించని అక్షరాల అంకెలు కూడా బయటపడేట్టు, తెరిచి చూస్తే, సూచిలోని పేర్లలో ఆ కనిపించని అడ్డు అక్షరమే ఉంది. మూడో అధ్యాయం ఫైలు నుంచి నకలు తీసినప్పుడు వెంట వచ్చింది. పిలుపు పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చేశాం.

తర్వాత

గడువుకు అయిదు రోజుల ముందు చివరి పరుగు. లేని అక్షరాలు సున్న, నిర్వచించని ఉల్లేఖనాలు సున్న. పీడీఎఫ్‌లో ఫాంట్లన్నీ ఇమిడి ఉన్నాయో లేదో చూశాను. బరంపురంలో బైండింగుకు పంపే ముందు ఆమె ఒక ప్రతిని గుణుపురం తీసుకెళ్లారు. ఆ పెద్దాయన చిత్రాల పట్టికను మొదటి నుంచి చివరి దాకా పైకి చదివారు. ఒక మాట దగ్గర ఆగి, అక్షరం ఒకటి వేరేది ఉండాలన్నారు. ఆమె నోటు పుస్తకం చూసుకున్నారు. ఆ తప్పు యంత్రానిది కాదు, ఆ రోజు వినడంలో జరిగింది. అక్కడి నుంచే ఫోన్ చేసి సరైన రూపం చెప్పారు. మాటల ఫైలులో ఒక్క వరుస మార్చి నడిపాను. బొమ్మ కింద, చిత్రాల పట్టికలో, అయిదో అధ్యాయంలో, పదకోశంలో నాలుగు చోట్లా మారింది. కొత్త ప్రతి ఆమె ఫోనుకు పంపితే, ఆయనకు చూపించి, “ఇప్పుడు సరే అన్నారు మాస్టారూ” అన్నారు.